పచ్చిపులుసు ఎవరిది

మనాలీ నుంచి హైదరాబాదు దాకా మమ్మల్ని ఏ రోడ్డూ ఆపలేదు. ఇంటికి కూతవేటు దూరంలో, హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ దిగుతూనే ఆగిపోయాం. రోడ్డుకి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు వెలిగించి, పెళ్ళిళ్ళలో కనిపించే పెద్ద గుండిగలు ఎక్కించి, జనం అన్నం వండుతున్నారు. పొగ మా కారు అద్దాల మీదికి వస్తోంది. ఒకాయన గరిటె చేత్తో పట్టుకునే వచ్చి బానెట్ మీద చరిచి, "బండి బందు పెట్టుండ్రి. తిన్నంకనే పోవుడు," అన్నాడు.

ఉద్యమం రోజులు. వంటా వార్పు అనేవారు దాన్ని. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే బంతి భోజనాలు పెట్టి, ఆగిపోయిన బండ్లవాళ్ళకి కూడా వడ్డించి తెలంగాణ కావాలని అడిగే పద్ధతి. తిట్టుకుంటూ ఆగినవాడు కూడా విస్తరి ముందు కూర్చున్నాక ఇంకేమంటాడు?

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయనది నల్గొండ వైపు పల్లె. నాది భీమవరం పక్కన. ఇద్దరం హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో, ఒకే వరుసలో కూర్చుని పనిచేస్తూ, ఒకరి లంచ్ బాక్సు ఒకరు తింటూ పెళ్ళి దాకా వచ్చినవాళ్ళం. రెండూ క్రైస్తవ కుటుంబాలే కాబట్టి పెద్దవాళ్ళు అంతగా గొడవ చేయలేదు. ఉద్యమం ముదిరాక ఆఫీసు క్యాంటీన్లో మనుషులు రెండు బల్లలుగా విడిపోయారు గానీ, మా ఇంట్లో బల్ల ఒక్కటే. దాని మీద మా గోదావరి వంటలు నేను పెట్టేదాన్ని, ఆయన కిక్కురుమనకుండా తినేవాడు.

అందరిలాగే ఆయన కూడా కారు నంబరు ప్లేటు మీద ఏపీ కనపడకుండా టీజీ అని స్టిక్కర్ అంటించుకున్నాడు. వెళ్ళేటప్పుడు, మహారాష్ట్ర పోలీసులు ఇదేం రాష్ట్రమని అడిగితే ఏం చెప్తావని నేను సతాయిస్తే పీకేశాడు. తిరిగి వస్తూ ఆదిలాబాద్ దగ్గర టీ తాగే వంకతో కారు ఆపి, డ్యాష్‌బోర్డులో దాచుకున్న కొత్త స్టిక్కర్ తీసి, నీళ్ళతో ప్లేటు తుడిచి మరీ అంటించాడు. అప్పుడే నాకు చురుక్కుమంది. అన్ని రోజులూ నా ఒక్కదానివాడిగా ఉన్న మనిషిని ఆ రెండక్షరాలు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నట్టు అనిపించింది.

నా గురించి ఒక మాట ముందే చెప్పేస్తాను. నాకు అసూయ ఎక్కువ. చిన్నప్పుడు మా అమ్మ పక్కింటి పిల్లకి జడ వేసిందని నా రిబ్బన్లు తీసుకెళ్ళి నూతిలో పడేశాను. సిగ్గుపడే వయసు ఎప్పుడో దాటిపోయింది. కొందరికి షుగరు, కొందరికి బీపీ, నాకు ఇది.

అందుకే ఆ ప్రయాణం నాకు అంత ఇష్టం. ఊళ్ళో ఉంటే మా ఆయన అందరికీ కావాలి. ఆఫీసులో మీటింగులు, ఆదివారం చర్చి, సాయంత్రం ఉద్యమం సభలు, మధ్యలో ఎవరికో దవాఖానలో రక్తం కావాలంటే పరుగు. ఇంటికి వచ్చేసరికి నాకు మిగిలేది ఆవలింతలే. కారులో మాత్రం తలుపులు వేసుకుంటే ఆయన, నేను, వెనక సీట్లో నేను సర్దిన సామాను. నాగ్‌పూర్ దాటాక ఆయన పాడడం మొదలుపెట్టాడు. ఆయనకి శ్రుతి తెలియదు. ఝాన్సీ దగ్గర, పెళ్ళికి ముందు నాతో మాట్లాడడానికి ఎంత భయపడ్డాడో మొదటిసారి చెప్పాడు. ఇంట్లో అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ నేనే చేసేదాన్ని. రోడ్డు మీద ఆయన చేయడం మొదలుపెట్టాడు, స్టీరింగు మీద చెయ్యి తియ్యకుండా, కళ్ళు మూయకుండా, "ప్రభువా, ఈమెకు జర ఓపికియ్యి," అని.

ఓపిక కావాల్సి వచ్చింది కూడా. మనాలీ ఎక్కే కొండదారి మొదలవగానే నాకు వాంతులు పట్టుకున్నాయి. ఒక మలుపు తిరిగితే ఒకసారి. నేను మోసుకెళ్ళిన ఆవకాయ, కందిపొడి, గోంగూర పచ్చడి ఏదీ నోటికి ఎక్కలేదు. నోరు చచ్చిపోయింది. అక్కడి రొట్టెలూ, రాజ్మా కూరా చూస్తేనే కడుపులో దేవేది. అంత మంచు ఎదురుగా ఉంటే, కారు సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాను. ఆయన ఫోను పట్టుకుని, ఆగి ఉన్న లారీల వెనక్కి నడిచాడు. "సిగ్నల్ అస్తలేదు, ఆఫీసుకు చెయ్యాలె," అన్నాడు. కాసేపటికి వచ్చి, "చింతపండు ఎక్కడ పెట్టినవ్?" అని అడిగాడు.

మా ఆయనకి అప్పటిదాకా వచ్చిన వంట కోడిగుడ్డు ఉడకబెట్టడం. అలాంటిది, దారిలో టీ కాచుకోవడానికి పెట్టుకున్న చిన్న గ్యాసు స్టవ్ కారు పక్కనే దించి, చింతపండు నానేసి, పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిగడ్డ ఉప్పేసి పిసికి, గ్లాసులో పోసి నాకు ఇచ్చాడు. పచ్చిపులుసు. మా వైపు పులుసంటే మరగాలి, పోపు ఘుమఘుమలాడాలి. పొయ్యెక్కని పులుసుని మేము పులుసనం. పెళ్ళయిన కొత్తలో ఆయన అడిగితే, "అది వంట కాదు, బద్ధకం," అని వెక్కిరించాను కూడా. ఆ రోజు మాత్రం గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాను. చప్పగా ఉంది. అయినా కడుపులో నిలిచింది.

మరునాడు మళ్ళీ ఫోను పట్టుకుని లారీల వెనక్కి వెళ్ళాడు. తిరిగి వచ్చి, కారు టూల్ కిట్‌లోంచి స్క్రూడ్రైవర్ తీసి, శుభ్రంగా కడిగి, దాని కొసకి ఒక వెల్లుల్లిపాయ గుచ్చి, పొట్టు నల్లగా మాడిపోయేదాకా మంట మీద తిప్పాడు. ఆ మాడిన పాయని ఒలిచి పులుసులో నలిపాడు. ఆ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు నాకు ఏమైందో ఇప్పటికీ చెప్పగలను. చచ్చిన నోరు లేచి కూర్చుంది. కాస్త పొగ వాసన, కాస్త తీపి, తరవాత ఎక్కడినుంచో కారం. అన్నంలో పోసుకుని తిన్నాను, ఊరికే తాగాను, మళ్ళీ పోయమని అడిగాను.

"నీకెలా వచ్చు ఇది?" అన్నాను.

"మా అమ్మ చేస్తుంటే చూసిన," అన్నాడు, అటు తిరిగి స్టవ్ ఆర్పుతూ.

నాకు ఎంత గర్వం వేసిందో. నా కోసం, ఎక్కడో కొండల్లో, స్క్రూడ్రైవర్‌తో వెల్లుల్లి కాల్చిన మొగుడు ఎవరికున్నాడు? తాజ్‌మహల్ కట్టించినవాడు కూడా తన చేత్తో చింతపండు పిసకలేదు. కొండ దిగేదాకా రోజూ అదే చేయించుకుని తాగాను. అది మా పులుసు. ఆ రోడ్డు మీద పుట్టింది, మేమిద్దరమే తాగాం.

ఇక హఫీజ్‌పేట్ రోడ్డు మీదికి వస్తాను. మా ఆయన కారు పక్కకి తీసి, అప్పటికే చేతులు కడుక్కుని బంతిలో కూర్చున్నాడు. చర్చివాళ్ళు, కాలనీవాళ్ళు అంతా తెలిసిన ముఖాలే. "ఏంది, హిమాలయాలకెల్లి సీదా వంటా వార్పుకే వచ్చినవా?" అని ఒకరు, "బండి మీద టీజీ చూసి మనోడే అనుకున్న," అని ఒకరు. నేనూ పక్కన కూర్చున్నాను. విస్తరిలో అన్నం పడింది. దాని మీద పులుసు పోయడానికి వంగిన మనిషిని చూసి నా నడుము నిటారైంది.

మా చర్చిలో పాటలు ఎత్తుకునే టీచరమ్మ. సర్కారు బడిలో చెప్తుంది. సమ్మెలో ఉంది కాబట్టి చేతిలో గరిటె పట్టుకుని ఉంది. ఆమె గురించి పాస్టరమ్మ గారు నా పెళ్ళయిన కొత్తలోనే, నా మంచి కోరే చెప్తున్నానంటూ చెప్పారు. మా అత్తగారు బతికి ఉన్నప్పుడు కొడుకుతో కలిసి హఫీజ్‌పేట్‌లోనే ఒక పోర్షన్ కిరాయికి తీసుకుని ఉండేవారు. టీచరమ్మ వాళ్ళది అదే గల్లీ. మా అత్తగారికి ఆ పిల్లంటే ప్రాణం. మన దిక్కు పిల్ల, మన చర్చి పిల్ల అని మాట కూడా అనేసుకున్నారట. ఇంతలో అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మాట గాలిలో ఉండిపోయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తరవాత ఆయన నా లంచ్ బాక్సు తిన్నాడు.

ఇంకో సంగతి పాస్టరమ్మ గారు చెప్పలేదు. అది నేనే పట్టుకున్నాను. ఆ టీచరమ్మ లోకంలో మగవాళ్ళందరినీ అన్నా అంటుంది. పాలు పోసేవాడు అన్న, ఆటో నడిపేవాడు అన్న, చర్చిలో తబలా వాయించే నిన్నటి పిల్లకాయ కూడా అన్నే. మా ఆయన్ని మాత్రం ఏమీ అనదు. "గా కుర్చీ జర ఇటియ్యి," అంటుంది. "రేపు కూడికకు వస్తున్నరా?" అంటుంది. ముందూ వెనకా పిలుపు ఉండదు. మనిషికి పిలుపు పెట్టకపోవడం ఊరికే జరగదు. ఆదివారం ఆదివారం నేను పాట పుస్తకం చూస్తున్నట్టు తల వంచుకుని, ఆమె ఆయన్ని ఏమని పిలుస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. ఆమె పిలిచేది కాదు. నేను ఇంటికి వచ్చి గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

సరే, వడ్డించింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

కాస్త పొగ వాసన. కాస్త తీపి. తరవాత ఎక్కడినుంచో కారం.

మింగలేదు, కక్కలేదు. ఆ ముద్ద అలాగే బుగ్గన పెట్టుకుని మా ఆయన వైపు చూశాను. ఆయన తేలు కుట్టిన దొంగలా విస్తరిలోకే చూస్తూ తింటున్నాడు. మాడిన వెల్లుల్లి. స్క్రూడ్రైవర్ కొసన తిరిగిన వెల్లుల్లి. ఇక్కడ గుండిగ నిండా ఉంది. ఊరందరి విస్తళ్ళలో ఉంది.

టీచరమ్మ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు తగ్గించి ప్రేమగానే అడిగింది: "వాంతులు తగ్గినయా? ఇప్పుడు పాణం మంచిగున్నదా?"

నా వాంతుల సంగతి మా అమ్మకి కూడా చెప్పలేదు నేను. బెంగ పెట్టుకుంటుందని.

"తగ్గాయండీ," అన్నాను. మా వైపు 'అండీ' చాలా పనులు చేస్తుంది. మర్యాద చేస్తుంది, అవసరమైతే మనిషిని ఆమడ దూరంలో నిలబెడుతుంది కూడా. ఆమె నవ్వి లేచింది. మేము బయల్దేరేటప్పుడు ఒక స్టీలు డబ్బా నిండా పులుసు పోసి మూత బిగించి నా చేతికే ఇచ్చింది. ఇన్ని దినాలు తాళం వేసిన ఇంట్లో వండుకోవడానికి ఏముంటుంది, రాత్రికి ఉంచుకొమ్మంది. తీసుకోనంటే పదిమందిలో బాగుండదు. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇంటిదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇల్లు తెరిచాం. దుమ్ము, మూసిన వాసన, ఎండిపోయిన కరివేపాకు కుండీ. ఎంత దూరం తిరిగొచ్చినా సొంత గుమ్మం తొక్కితే కళ్ళు చెమరుస్తాయంటారు. నా కళ్ళు మండాయి. ఆయన బ్యాగులు మోస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను తిన్నగా వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీశాను.

"ఏమండీ," అన్నాను.

ఆయన గుమ్మంలోనే ఆగాడు. మామూలుగా నేను ఆయన్ని నువ్వనే అంటాను. అండీ అన్నానంటే గుడ్డలు సర్దుకునేదాకా వచ్చిందని ఆయనకి తెలుసు.

"ఆఫీసుకి బాగానే చేశారండీ ఫోన్లు. ఆ ఆఫీసులో వెల్లుల్లి ఎలా కాల్చాలో కూడా చెప్తారాండీ?"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఏదో చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. బ్యాగు కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు.

"ఆమెనే అడిగిన," అన్నాడు. "నువ్వేం తింటలేవు. నాకు భయమైంది. జరమొచ్చి నోరు చేదైతే మా అమ్మ గదే చేసి పెట్టేది. చేస్తుంటే చూసిన గని, ఎట్ల చేసేదో నాకేం యాదికి లేదు. అమ్మ లేదు. అమ్మ ఎవరికి నేర్పిందో వాళ్ళనే అడగాలె గద."

"మరి చూసి నేర్చుకున్నానని నాకెందుకు చెప్పారు?"

"నిజం చెప్తే తాగుతుంటివా?"

తాగేదాన్ని కాదు. కొండ మీద ప్రాణం పోతున్నా తాగేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకి అంత బాగా తెలిసి ఉండడం ఇంకా మండించింది. నా మొగుడు నాకోసమే అబద్ధం ఆడాడు, నిజమే. కానీ ఆ అబద్ధం ఆడడానికి లారీల వెనక నిలబడి ఎవరి గొంతు విన్నాడు? మంచు ఎదురుగా, నేను కారులో కళ్ళు మూసుకుని ఉండగా? మా అత్తగారి చేతిరుచి, కోడలిగా నాకు రావాల్సింది, ఇంకొకత్తె దగ్గర ఉంది. నేను నా మొగుడి వలపనుకుని తాగినది, ఆమె దాచుకున్నదాంట్లోంచి నాకు వేసిన వాటా.

డబ్బా ఎత్తి పులుసంతా సింకులో వంపేశాను. వెల్లుల్లి ముక్కలు జాలీలో చిక్కుకుంటే నీళ్ళు వదిలి వేలితో నొక్కి మరీ పంపేశాను. ఆయన చూస్తూ నిలబడ్డాడు. మా వంటింట్లో మా అత్తగారి పులుసు అడుగుపెట్టడం అదే మొదటిసారని నాకు తట్టింది. తట్టినా కుళాయి కట్టలేదు.

మరునాడు ఆ డబ్బా తిరిగి ఇవ్వాలి. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు. ఎంత కోపమున్నా అది మాత్రం కుదరదు. మా అమ్మ పెంపకం. ఆఫీసువాళ్ళకి పంచడానికి కులూలో కొన్న ఆపిల్ పండ్లు ఉన్నాయి. వాటిలో చిన్నవీ, ఒకపక్క నొక్కుకుపోయినవీ ఏరి డబ్బాలో పెట్టాను. నొక్కులు కిందికి తిప్పి పెట్టాను. ఆయన ఇస్తానన్నాడు. "మీరు కూర్చోండి," అని నేనే బయల్దేరాను.

టీచరమ్మ వాళ్ళ ఇంటి ముందు గచ్చు మీద చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. గల్లీ వెనక హఫీజ్‌పేట్ స్టేషన్ వైపు లోకల్ రైలు వెళ్తుంటే మాట వినపడక, ఇద్దరం అది పోయేదాకా ఒకరినొకరు చూసుకున్నాం. నాకంటే పొడుగు. కళ్ళ కింద నల్లగా ఉంది. నా లెక్కలో ఆమె ఎప్పుడూ ఇంకా అందంగా ఉండేది.

"కూసో. మంచు ఎట్లుంటది? ముట్టుకున్నవా?" అంది.

నేను కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఒక్కటే వచ్చింది. "ఆయన మీకు ఎన్నిసార్లు ఫోన్ చేశారు?"

ఆమె బియ్యంలోంచి రాయి ఏరి పక్కన పడేసింది. "దినాం చేసిండు," అంది.

"ఏం మాట్లాడారు?"

"ఏముంటది? నీ ముచ్చటే. ఇయ్యాల రెండు బుక్కలు తిన్నది. ఇయ్యాల లేచి కూసున్నది. ఇయ్యాల నవ్వింది. గిట్ల." ఇంకో రాయి ఏరింది. "నాకు మస్తు మండింది. ఉన్నదున్నట్టు చెప్తున్న, ఏమనుకోకు. ఆయనకు గా సోయి కూడ లేదు. ఫోన్ల ఒకటే లొల్లి, ఉప్పెంత, చింతపండెంత అని. నువ్వెట్లున్నవ్ అని ఒక్క దినం అడగలే."

నేను గచ్చు మీద కూర్చున్నాను.

"అత్తమ్మ నాకు గా పులుసెందుకు నేర్పింది? నీ కోసమా?" అంది. మా అత్తగారిని ఆమె అత్తమ్మ అంది. అదీ నా చెవిన పడింది, అప్పుడు కూడా. "నా చెయ్యి పట్టుకుని నేర్పింది. ఎల్లిగడ్డ పొట్టు నల్లగ కావాలె, లోపట తెల్లగ ఉండాలె అని. మొదటి దినం ఫోన్ చేసినప్పుడు ఎల్లిగడ్డ ముచ్చట నేను చెప్పలే."

"చెప్పలేదా?"

"చెప్పలే. అన్నీ చెప్పి గదొక్కటి దాచుకున్న. నా దగ్గర ఒక్కటన్న ఉండనీ అనుకున్న. తెల్లారి మళ్ళ చేసిండు. అమ్మ చేసినట్టు అస్తలేదు, ఏం తక్కువైంది, ఆమె రెండు గుక్కలే తాగింది అన్నడు. ఆయన గొంతు ఎట్లనో ఉండె. ఇగ చెప్పిన."

చప్పగా ఉన్న ఆ మొదటి గ్లాసు నాకు గుర్తొచ్చింది. కారు సీటులో వాలి ఉన్నాను నేను. ఇక్కడ ఈ గచ్చు మీద ఈమె ఒక వెల్లుల్లిపాయని గుప్పిట్లో దాచుకుని ఒక రాత్రంతా ఉంది. నాలాంటిదే ఇది కూడా అనుకున్నాను. లోకంలో నాకు ఇంత బాగా అర్థమైన ఆడమనిషి ఇంకొకరు లేరు. అర్థమైనంత మాత్రాన వదులుకుంటామా?

ఆమె డబ్బా మూత తీసింది. పైనున్న ఆపిల్ పండు చేతిలోకి తీసుకుని నొక్కు ఉన్న వైపు తిప్పి చూసింది. నొక్కు కిందికి తిప్పి మళ్ళీ పెట్టేసింది.

"నేర్పిస్త, లోపలికి రా," అంది. "ఆడదానివి, నీ చేతికి ఇంక మంచిగొస్తది. ఎంతైనా నీ ఇంటిది గది."

మంచి మాటే. పెద్ద మనసుతోనే అంది. నేను లేచి చీర దులుపుకున్నాను.

"వద్దండీ," అన్నాను. "నాకెందుకు? ఆయన చేసి పెడతారుగా."

చాటలో ఆమె చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. బియ్యం ఒక పక్కకి జరుపుతూ, తల ఎత్తకుండా అంది: "అయితే అన్నకు చెప్పు. చింతపండు పాతదైతే జర తక్కువెయ్యమను."

అన్న.

ఎన్ని ఆదివారాలు ఆ పిలుపు కోసం చెవులొగ్గి కూర్చున్నానో, అది ఒక బియ్యం చాట మీద నుంచి వచ్చింది. నాకు జాలి వేసిందని రాస్తే మీకు నేను మంచిదాన్నిగా కనిపిస్తాను. జాలి వేయలేదు. ఒళ్ళంతా చల్లబడి హాయిగా అనిపించింది. గల్లీ మలుపు తిరిగేదాకా మెల్లగా నడిచి, తిరిగాక ఇంచుమించు పరుగెత్తాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన స్టవ్ ముందు నిలబడి ఉన్నాడు. నన్ను మంచి చేసుకోవడానికి పచ్చిపులుసే మొదలుపెట్టాడు, వెర్రి మనిషి. చింతపండు నానింది, మిరపకాయలు కాలాయి, ఉల్లిగడ్డ పిసుకుతున్నాడు. గట్టు మీద వెల్లుల్లిపాయ, పక్కనే స్క్రూడ్రైవర్. కారులోంచి తెచ్చి కడిగి పెట్టుకున్నాడు.

"ఏమన్నది?" అన్నాడు.

"ఏమీ లేదు. అన్నకు చెప్పమంది, చింతపండు తక్కువ వెయ్యమని."

నేను ఆయన చేతుల్నే చూస్తున్నాను. గిన్నెలో ఆ చేతులు ఆగిపోయాయి. ఎక్కువసేపు కాదు. తరవాత మళ్ళీ పిసకడం మొదలుపెట్టాడు. "సరే," అన్నాడు. నీళ్ళు పోశాడు. ఉప్పు వేశాడు. గరిటెతో తిప్పి, గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు.

వెల్లుల్లిపాయ గట్టు మీదే ఉండిపోయింది. కాల్చడం మరిచిపోయాడు. నేను గుర్తు చేయలేదు. చప్పగా, కొండ మీద మొదటి రోజు చేసినట్టే ఉంది. గ్లాసు ఎత్తి చుక్క మిగలకుండా తాగి, "ఇంకొంచెం పోయి," అన్నాను.